సెలవు ఎవరికి?



క్రిందటి మే నెలలో, వి.బి.ఎస్. ముగిసిన మరునాడు, మేము ఇంటిల్లిపాదీ ఆరు రోజులు మదనపల్లె వెళ్ళి వచ్చాము. బయలుదేరిన రోజున బస్టాండులో ఒకాయన నవ్వుతూ, "ఏమండీ పాస్టరు గారూ, మీకు కూడా సెలవులుంటాయా?" అని అడిగారు. అప్పుడు మేమూ నవ్వి ఊరుకున్నాము. తిరిగి వచ్చేసరికి ఆ ప్రశ్నకు జవాబు దొరికింది గాని, అంతకంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నదని కూడా తెలిసింది. ఆ సంగతే ఈ నెల మీతో చెప్పదలచాము.

మాకు 47 ఏండ్లు. ఇది ఒక చిత్రమైన వయస్సు. ప్రక్క గదిలో మా అమ్మకు 74 ఏండ్లు. ఆమెకు రాత్రివేళ లేచి దారి చూపాలి. ఈ గదిలో కుమార్తె ఇంటర్మీడియట్, కుమారుడు తొమ్మిదవ తరగతి. వాళ్ళకూ దారి చూపాలి. సంఘములో యౌవనస్థులు మమ్మును పెద్దవాళ్ళలో కలుపుతారు, పెద్దలు "మీరింకా చిన్నవాళ్ళు, పని చేయగలరు" అంటారు. మూడు సంవత్సరముల క్రితము మాకు షుగరు ఉన్నదని తేలింది. అప్పటినుండి ఉదయము ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. నడవమని డాక్టరు గారు చెప్పారు. ఇళ్ళు దర్శించడానికి వెళ్ళేటప్పుడు మోటారు సైకిలు మీద వెళ్ళి, "తిరుగుతూనే ఉన్నాము గదా" అని సమాధానము చెప్పుకుంటూ వచ్చాము.

సెలవు ఆలోచన మాది కాదు, మా అమ్మాయిది. "నాన్నా, మన నలుగురము నాయనమ్మతో కలిసి ఒక చోట నాలుగు రోజులు ఉన్నది ఎప్పుడు?" అని అడిగింది. పెండ్లిండ్లకు వెళ్ళినవీ, కన్వెన్షన్లకు వెళ్ళినవీ తీసివేస్తే లెక్కకు ఏమీ మిగలలేదు. మా సంఘపెద్దలలో ఒకరి కుమారుడు మదనపల్లెలో ఉద్యోగము చేస్తున్నాడు. సెలవులకు వాళ్ళు అత్తగారి ఊరు వెళ్తున్నామనీ, ఇల్లు ఖాళీగా ఉంటుందనీ తాళము పంపించాడు. అద్దె లేదు, హోటలు ఖర్చు లేదు. మా కోస్తా ఎండలకు ఆ ఊరు కొంత చల్లగా ఉంటుంది. దగ్గరలోనే హార్స్‌లీ కొండలు. ఇంకేమి కావాలి అనుకున్నాము.

మేము సర్దుకున్న సంచీ సంగతి ముందుగా ఒప్పుకోవాలి. రెండు జతల బట్టలు ఒక ప్రక్క. జూన్ నెల నాలుగు ఆదివారముల ప్రసంగములకు కావలసిన పుస్తకములు, ప్రహరీ గోడ కట్టడపు లెక్కలు, రసీదు పుస్తకములు ఇంకొక ప్రక్క. రోజంతా ఖాళీయే గదా, ఇంటి దగ్గర ఆరు నెలలుగా కాని పని అక్కడ ఆరు రోజులలో అయిపోతుందని ఆశ. మా శ్రీమతి ఆ సంచీని ఎత్తి చూచి, "ఇది సెలవు సంచీ కాదండీ, ఆఫీసు బీరువా" అన్నది. ఆమె సంచీలో ఏమున్నదో మేము చూడలేదు. తరువాత తెలిసింది: కందిపొడి, చింతపండు, ఎండుమిరపకాయలు, పోపుల డబ్బా, మా అమ్మకు జావ కాచేందుకు రాగిపిండి. ఆమెదీ సెలవు సంచీ కాదు. ఆమెది వంటిల్లు.

గురువారము రాత్రి చేరాము. తిరుపతి దాకా రైలు, అక్కడనుండి బస్సు. శుక్రవారము ఉదయము లేచి వరండాలో బల్ల వేసుకొని లెక్కలు తెరిచాము. పది గంటలకు ఊరినుండి ఫోను. సిమెంటు బస్తాల బాకీ సంగతి. పదకొండు గంటలకు ఇంకొకటి. మధ్యాహ్నము ఒక పెండ్లి తేదీ మార్పు. పిల్లలు ఇద్దరూ గుమ్మములో నిలబడి మా మొగము చూచి చూచి, తరువాత వాళ్ళంతట వాళ్ళే వీధి చివరి దాకా వెళ్ళి వచ్చారు. వంటింటిలో చప్పుడు ఇంటి దగ్గర ఎట్లుండునో అక్కడనూ అట్లే ఉన్నది. టిఫిను, కాఫీ, మధ్యాహ్న భోజనము, గిన్నెలు, సాయంత్రము టీ, రాత్రి భోజనము, మరల గిన్నెలు. తేడా ఒకటే: ఇక్కడ ఏ డబ్బా ఎక్కడ ఉన్నదో ఆమెకు తెలియదు గనుక పని ఇంకొంచెము ఎక్కువ.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో, సెలవుకు తగినదిగా ఉంటుందని, నిర్గమకాండము ఇరువదవ అధ్యాయములోని విశ్రాంతిదినపు ఆజ్ఞ చదివాము. ఆ దినమున ఎవరెవరు పని మానవలెనో అక్కడ వరుసగా ఉన్నది. ఇంటి యజమాని, కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువులు, ఇంట ఉన్న పరదేశి. అందరి పేర్లూ అయినవి. మా శ్రీమతి పాల గిన్నె దించి చేయి తుడుచుకుంటూ, "అందరూ వచ్చారు గాని, ఆ జాబితాలో భార్య మాట లేదేమండీ?" అన్నది.

పిల్లలు నవ్వారు. మేమూ నవ్వాము. "యజమానితో పాటు ఆమె కూడా లెక్కలోనిదే" అని వ్యాఖ్యానము చెప్పి ప్రార్థన ముగించాము. వ్యాఖ్యానము సరియైనదే. అయితే ఆమె అడిగినది వ్యాఖ్యానము కాదు. అది మాకు మరునాటికి గాని బోధపడలేదు.

శనివారము హార్స్‌లీ కొండకు ప్రయాణము. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్లు. దాదాపు నాలుగు వేల అడుగుల ఎత్తు. ఆ చుట్టుప్రక్కల వారికి అది ఏనుగు మల్లమ్మ కొండ. బ్రిటిషు పాలనలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర ఎండల తాకిడి తప్పించుకొనుటకు అక్కడ ఇల్లు కట్టుకొన్నందున ఆ పేరు వచ్చింది. అనగా ఆ కొండ పేరే ఒక ఉద్యోగస్థుని వేసవి విడిది. ఘాటు రోడ్డు పొడవునా నీలగిరి చెట్ల వాసన, పైకి పోయేకొద్దీ చల్లగాలి.

త్వరగా బయలుదేరాలని ఆరు గంటలకే మాత్ర వేసుకున్నాము. అది టిఫినుకు ముందు వేసుకొనే మాత్ర. అంతలో సిమెంటు బాకీ గురించి మరల ఫోను. అది ముగిసేసరికి బస్సు వేళ అయినది. "కొండ మీద తిందాము" అని లేచాము. కొండ మీద దిగగానే మావాడు, "నాన్నా, ముందు గాలిబండ చూద్దాము" అన్నాడు. సరేనన్నాము. పది గంటలు దాటింది. గాలిబండ దగ్గర గాలి నిలువనీయదు. అందరూ పైటలూ టోపీలూ పట్టుకుంటున్నారు. ఆ గాలిలో మాకు చెమటలు కారుతున్నవి. చేతులు వణికాయి. ఎదురుగా ఉన్న లోయ మసకగా కనబడింది. మావాడు ఫోటో తీస్తానని అడిగితే కారణము లేకుండా వాడి మీద కసురుకున్నాము.

మా అమ్మాయి బై.పి.సి. చదువుతున్నది. మా మొగము చూచి, "నాన్నా, పొద్దున ఏమైనా తిన్నారా?" అని అడిగింది. లేదన్నాము. "మాత్ర వేసుకున్నారా?" వేసుకున్నామన్నాము. ఆమె ఇక మాట్లాడలేదు. మమ్మును బండ మీదనుండి ఇవతలకు తెచ్చి కూర్చుండబెట్టింది. తమ్ముడిని దుకాణానికి పరుగెత్తించి తీపి కూల్‌డ్రింకు తెప్పించి త్రాగించింది. పావుగంటకు వణుకు తగ్గింది. తరువాత నాలుగు ఇడ్లీలు తిన్నాము. మా అమ్మ తన కొంగుతో మా మెడ తుడుస్తూ, "ఆకలేస్తే చెప్పాలి గదా నాయనా" అన్నది. 47 ఏండ్ల పాస్టరుకు, ఏడేండ్ల పిల్లవానికి చెప్పినట్లు చెప్పింది.

షుగరు ఉన్న పాఠకులు ఈ భాగము శ్రద్ధగా చదువవలెనని మనవి. మాత్రో ఇన్సులినో తీసుకొని భోజనము ఆలస్యము చేసినా, మామూలుకంటె ఎక్కువగా నడిచినా రక్తములో షుగరు మరీ పడిపోవచ్చును. అన్ని మాత్రలకూ ఈ ప్రమాదము సమానముగా ఉండదు. మీది ఎటువంటి మాత్రో మీ డాక్టరు గారినే అడిగి తెలిసికొనండి. చెమట, వణుకు, గుండె దడ, ఆకలి, చూపు మసక, కారణము లేని కోపము దాని గుర్తులు. షుగరు చూచే మిషను ఉంటే 70కి తక్కువ చూపిస్తుంది. మిషను లేకపోయినా ఈ గుర్తులు కనబడితే ఆగవద్దు. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి గాని, గ్లూకోజు గాని, తీపి పానీయము గాని వెంటనే ఇవ్వాలి. పదిహేను నిమిషములకు తగ్గకపోతే మరల ఇవ్వాలి. తగ్గిన తరువాత అన్నమో టిఫినో తినిపించాలి. మనిషి స్పృహలో లేకపోతే నోటిలో ఏమీ పోయక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవాలి. జేబులో నాలుగు చాక్లెట్లు పెట్టుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

మధ్యాహ్నము క్రిందికి దిగి ఒక డాక్టరు గారిని కలిసాము. మా షుగరు అప్పటికి సరిగానే ఉన్నది. ఆయన, "సెలవు మీకు, మీ మాత్రలకూ భోజన వేళకూ కాదు" అని చెప్పి, ప్రయాణములలో పాటించవలసినవి వివరించారు. లేచి వస్తుండగా మా అమ్మాయి, "డాక్టరు గారూ, అమ్మకు కూడా బి.పి. చూస్తారా?" అని అడిగింది. మా శ్రీమతి, "నాకేమున్నది, నేను బాగానే ఉన్నాను" అన్నది. పిల్ల వినలేదు. చూస్తే 160 మీద 100.

డాక్టరు గారు మరల పది నిమిషములు కూర్చుండబెట్టి చూచారు. పెద్దగా మారలేదు. 140 మీద 90 దాటితే ఎక్కువ అని లెక్క. ఒక్క రోజు చూచి నిర్ణయము చేయకూడదు గనుక, ఊరికి వెళ్ళి వేరు వేరు రోజులలో రెండు సార్లు చూపించుకొమ్మని కాగితము వ్రాసి ఇచ్చారు. "తలనొప్పి వస్తుందా అమ్మా?" అని ఆయన అడిగారు. "అప్పుడప్పుడు. ఎండ వల్ల అనుకున్నాను" అన్నది. "ఎన్నాళ్ళ నుండి?" "సంక్రాంతి నుండి." మేము ఆమె ప్రక్కనే కూర్చొని ఉన్నాము. సంక్రాంతి నుండి మే నెల దాకా ఒకే ఇంటిలో ఉండి ఆ మాట మాకు తెలియదు. బి.పి. చాలా మందికి ఏ గుర్తూ చూపకుండానే ఉంటుంది. అందుచేతనే ఆరోగ్యముగా ఉన్నామనుకొనే వారు కూడా చూపించుకోవాలి. మా శ్రీమతికి మటుకు తలనొప్పి వచ్చేది. అడిగేవారు లేరు.

ఆ రాత్రి అన్నము తిన్న తరువాత అయిదుగురమూ కూర్చున్నాము. ఇంకా మూడు రోజులున్నవి. ఇంటికి వెళ్ళిపోదామా అని మేము అడిగాము. మా శ్రీమతి వద్దన్నది. "ఉందాము. కాని ఉన్నట్లుగా ఉందాము" అన్నది. ఒక కాగితము తీసికొని అమ్మాయి వ్రాసింది. మేము చెప్పినది కొంత, వాళ్ళు చెప్పినది ఎక్కువ.

మొదటిది పని. పని అసలే చేయకూడదని ఎవరూ అనలేదు. చేయకపోతే మాకు నిద్ర పట్టదని వాళ్ళకు తెలుసు. తెల్లవారి అయిదున్నర నుండి ఏడు వరకు, అందరూ లేవకముందు, మా ఇష్టము. ఆ తరువాత సంచీ మంచము క్రిందికి పోవాలి. రెండవది ఫోను. సాయంత్రము ఆరు నుండి ఆరున్నర దాకా. మిగిలిన వేళ అది మా అమ్మాయి దగ్గర ఉంటుంది. చావు బ్రతుకుల సంగతి అయితేనే ఇస్తుంది. మూడవది శరీరము. వేళకు తిండి, వేళకు మాత్ర, ఉదయమూ సాయంత్రమూ నడక. వారానికి 150 నిమిషములు వడిగా నడిస్తే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. అనగా రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. మోటారు సైకిలు దానిలోనికి రాదు. నాలుగవది వంటిల్లు. ఉదయము టిఫిను హోటలు నుండి, మధ్యాహ్నము ఒక్క కూరతో వంట, అందరూ కూరలు తరగాలి, రాత్రి వంటా గిన్నెలూ మావీ మా అబ్బాయివీ.

ఆదివారము రాత్రి మా అబ్బాయి ఉప్మా చేసాడు. ఉండలు కట్టింది. మా అమ్మ ఒక్కొక్క ఉండనూ చెంచాతో చిదిమి తిని, "బాగున్నది" అన్నది. మేము గిన్నెలు తోమాము. నిజము చెప్పాలంటే ఒక పూట గిన్నెలు తోమితే నడుము పట్టుకున్నది. 2019లో భారత ప్రభుత్వము చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పనిలో పాల్గొనే ఆడవారు దానికి రోజుకు సగటున 299 నిమిషములు, మగవారు 97 నిమిషములు వెచ్చిస్తున్నట్లు తేలింది. దాదాపు అయిదు గంటలు ఒకవైపు, గంటన్నర ఒకవైపు. ఆ అయిదు గంటలకు ఆదివారము లేదు, వేసవి సెలవు లేదు. ఇంటివారిని ఊరు తీసికొనిపోతే ఆ గంటలూ మూటలో వెంట వస్తాయి.

ఆ ఆదివారము ఉదయము ఆ ఊరి సంఘములో వెనుక చాప మీద మా అబ్బాయి ప్రక్కన కూర్చున్నాము. వాడు ప్రసంగము వినేటప్పుడు కాగితము మీద చిన్న చిన్న బొమ్మలు వేస్తాడని మాకు ఆనాడే తెలిసింది. బొమ్మలు వేస్తూనే అంతా విన్నాడని కూడా సాయంత్రము నడకలో తెలిసింది.

మా ఊరిలో ఆ ఆదివారము యౌవనస్థుల నాయకుడు వాక్యము చెప్పాడు. కొంచెము తడబడ్డాడట గాని అందరూ శ్రద్ధగా విన్నారట. సిమెంటు బాకీ సంగతి ట్రెజరరు గారు అంగడివానితో మాట్లాడి నెల గడువు తెచ్చారు. మేము మాట్లాడితే పదిహేను రోజులే వచ్చేది. మోషే ప్రొద్దుట నుండి సాయంకాలము దాకా ఒక్కడే కూర్చొని న్యాయము తీర్చుచుండగా మామ అయిన యిత్రో వచ్చి చూచి, ఇది నీకూ జనులకూ మంచిది కాదని చెప్పి, పని పంచుకొనే మనుష్యులను ఏర్పరచుకొమ్మన్న సంగతి మేము ఎన్నో సార్లు ప్రసంగించాము. ఇన్నాళ్ళకు విన్నాము. మేము లేకపోతే ఏదీ నడవదనుకోవడము మేము బాధ్యత అనుకున్నాము. అందులో కొంత గర్వము కూడా ఉన్నది.

అయితే అంతా ఇంత సులువుగా జరిగినదని వ్రాస్తే అది నిజము కాదు. ఆదివారము రాత్రి తొమ్మిది గంటలకు మా అమ్మాయి ఫోను తెచ్చి మా చేతికిచ్చింది. సంఘములోని ఒక వృద్ధురాలు ప్రభువునందు నిద్రించారు. ఎనిమిది నెలలుగా మంచములో ఉన్న ఆమె. ప్రతి శుక్రవారమూ వెళ్ళి ప్రార్థన చేసి వచ్చేవారము. భూస్థాపన మరునాడు ఉదయము పది గంటలకు. రాత్రికి రాత్రి బయలుదేరినా అందుకొనే మార్గము లేదు. ప్రక్క ఊరి పాస్టరు గారు జరిపిస్తారని పెద్దలు చెప్పారు. మేము ఆ ఇంటివారితో ఫోనులో చాలాసేపు మాట్లాడి ప్రార్థించాము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊరు చేరిన తరువాత సంచీ ఇంటిలో పెట్టి మొదట ఆ ఇంటికే వెళ్ళాము. ఆమె కుమార్తె, "అమ్మ చివరి రోజున మీరెప్పుడొస్తారని అడిగిందయ్యగారూ" అన్నది. నిష్ఠూరముగా అనలేదు. అయినా ఆ మాట ఇప్పటికీ మా దగ్గరనే ఉన్నది. సెలవుకు ఒక వెల ఉన్నది. ఆ వెలను మన బదులు ఒక్కొక్కసారి ఇతరులు చెల్లిస్తారు. అందుచేత వెళ్ళేముందు మంచములో ఉన్నవారిని చూచి, చెప్పి, మన స్థానములో వచ్చేవారిని వాళ్ళకు పరిచయము చేసి వెళ్ళాలి. అది మేము చేయలేదు. ఇకమీదట చేస్తాము.

సోమవారము మదనపల్లె దగ్గరనే ఉన్న ఆరోగ్యవరము మీదుగా నడిచాము. క్షయరోగుల కొరకు పలు మిషనులు కలిసి 1912లో ప్రారంభించిన శానటోరియము అది. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దానిని నడిపారు. ఆనాటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి ఆహారము, నెలల తరబడి విశ్రాంతి, ఇవే వైద్యము. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. మందులు వచ్చిన తరువాత 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. కొందరు రోగులను శానటోరియములో ఉంచి, కొందరిని తమ పేద ఇళ్ళలోనే ఉంచి, ఇద్దరికీ అవే మందులు ఇచ్చారు. 1959లో ఫలితములు వచ్చినవి. ఇంటి దగ్గర ఉన్నవారికి కూడా శానటోరియములో ఉన్నవారికి దాదాపు సమానముగా నయమైనది. ఆ తరువాత క్షయ వైద్యము లోకమంతటా ఇళ్ళకు వచ్చినది.

ఈ సంగతి మా అమ్మాయికి చెప్తూ నడుస్తుంటే మాకే రెండు విషయములు తోచినవి. ఒకటి, విశ్రాంతి మంచిదే గాని మందుకు బదులు కాదు. సెలవులో ఒళ్ళు తేలికగా ఉన్నదని మాత్ర మానుకోకూడదు. రెండవది, నయము చేసినది కొండగాలి కాదు, ప్రతి రోజూ తప్పక తీసుకొన్న మందు. విశ్రాంతి కూడా అట్టిదే. సంవత్సరమునకు ఆరు రోజులు కొండకు పోయి, మిగిలిన 359 రోజులు విశ్రాంతి లేకుండా ఉంటే ఆ ఆరు రోజులు మనలను నిలబెట్టలేవు. వారమునకు 55 గంటలు, ఆ పైన పని చేసేవారికి, 35 నుండి 40 గంటలు చేసేవారికంటె పక్షవాతపు ముప్పు 35 శాతము ఎక్కువ అని ప్రపంచ ఆరోగ్య సంస్థయు అంతర్జాతీయ కార్మిక సంస్థయు 2021లో కలిసి ప్రకటించాయి. మన ఇళ్ళలో ఆడవారి గంటలు, పొలమూ పాడీ ఇల్లూ కలిపితే, ఆ లెక్కను ఎప్పుడో దాటినవి.

ఏలీయా ప్రాణము విసిగి బదరీచెట్టు క్రింద పడుకొన్నప్పుడు దేవదూత వచ్చి మొదట చేసినదేమి? ప్రసంగము చెప్పలేదు, గద్దించలేదు. నిద్ర లేపి రొట్టె తినమన్నాడు, నీళ్ళు త్రాగమన్నాడు. మరల పడుకోనిచ్చి, మరల తినిపించాడు. మాటలు ఆ తరువాత వచ్చినవి. గాలిబండ మీద మా అమ్మాయి చేసినది కూడా అదే.

"అయ్యగారూ, మాకు మదనపల్లెలో తాళము ఇచ్చేవారు లేరు, ఇంటిలో గేదె ఉన్నది, ముసలివారున్నారు, మాకు సెలవేమిటి?" అని మీలో చాలా మంది అనుకుంటారని తెలుసు. మీ కొరకే ఈ చివరి మాటలు.

కోతలు అయిపోయి తొలకరి రాకముందు మగవారికి కొంత తీరిక ఉంటుంది. ఆ రోజులలో వారమునకు ఒక్క పూట వంటిల్లు మీరు తీసికొనండి. ఇరుగుపొరుగు రెండు ఇళ్ళవారు ఒప్పుకొని, ఒకరి గేదెను ఒకరు రెండు రోజులు పితికితే ఆ ఇంటి ఇల్లాలు పుట్టింటికి వెళ్ళి వస్తుంది. సంఘములో స్త్రీల సమాజము ఈ పొత్తులు కుదర్చవచ్చును. ప్రయాణము చేసేవారు మాత్రలు పెట్టెలో అడుగున కాక చేతిసంచీలో, వెళ్ళే రోజులకంటె నాలుగు రోజులకు ఎక్కువగా పెట్టుకొనండి. ఇన్సులిను ఎండ తగిలే చోట, వేడెక్కే వాహనములో ఉంచకండి. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా నడవక, రాత్రి పాదములు చూచుకొనండి. నలుబది దాటిన దంపతులు బి.పి., షుగరు ఇద్దరూ చూపించుకొనండి. ఒకరు చూపించుకొని ఒకరు బయట బల్ల మీద కూర్చోవద్దు. పనిని సంచీలో పెట్టుకొని పోయేవారు, దానికి వేళ ఏదో ఇంటివారినే నిర్ణయించమనండి.

ఊరికి వచ్చిన తరువాత మా శ్రీమతిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రెండు సార్లు చూపించాము. బి.పి. ఉన్నదనే తేలింది. ఇప్పుడు రాత్రి భోజనము తరువాత బల్ల మీద రెండు మాత్రలు ఉంటున్నవి, ఒకటి మాది, ఒకటి ఆమెది. ఆవకాయ తగ్గింది. ఉదయము ఇద్దరమూ కాలువ గట్టు మీద అరగంట నడుస్తున్నాము. మొదట ఊరివారు వింతగా చూచారు, ఇప్పుడు చూడడము లేదు. నడకలో ఆమె చెప్పే సంగతులు మేము ఇరువది ఏండ్లుగా వినవలసినవి. శుక్రవారము రాత్రి వంట మా అబ్బాయిది. ఉప్మా ఉండలు కట్టడము మానింది.

బస్టాండులో ఆయన మొన్న మరల కనబడి, "సెలవు బాగా గడిచిందా పాస్టరు గారూ?" అని అడిగారు. "ఆ ప్రశ్న ఇంటిలో అమ్మగారిని అడగండి" అన్నాము. మీరును ఈ రాత్రి భోజనము దగ్గర మీ ఇంటిలో అడిగి చూడండి: ఈ వేసవిలో మన ఇంటిలో సెలవు ఎవరికి వచ్చింది? జవాబు వచ్చేదాకా ఆగండి. గిన్నెలు తరువాత తోమవచ్చును, మీరే తోమవచ్చును.

వచ్చే నెల మరల కలిసికొందాము. దేవుడు మీ ఇళ్ళను దీవించును గాక.